కొత్త కంప్యూటర్లోకి రాని గురువారం

డిపోలో ఆమెను అందరూ చార్టమ్మ అంటారు. ఆ డిపోలో రెండు వందల పన్నెండు మంది డ్రైవర్లు, వాళ్ళకంటే ఓ ఇరవై మంది ఎక్కువగా కండక్టర్లు ఉన్నారు. రేపు ఎవరు ఏ బస్సు ఎక్కాలో, ఎన్నింటికి ఎక్కాలో, ఏ ఊళ్ళో దిగి పడుకోవాలో రాసిన కాగితం రోజూ సాయంత్రం నాలుగింటికి ఆమె గది కిటికీ పక్కనున్న బోర్డు మీదకు ఎక్కుతుంది. దాన్ని డ్యూటీ చార్టు అంటారు. అది అతికించాక కిటికీ అవతల పది నిమిషాల పాటు గొణుగుళ్ళు వినిపిస్తాయి. ఆ పది నిమిషాలూ చార్టమ్మ కిటికీకి వీపు పెట్టి టీ తాగుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస.

ఆమె మొదట టైపిస్టుగా చేరింది. అప్పట్లో చార్టు వేయాలంటే పొద్దున తొమ్మిదికి పెన్సిలు పట్టుకుంటే సాయంత్రం దాకా రబ్బరు అరిగేది. తర్వాత కంప్యూటర్ వచ్చింది. దాంతో పాటు ఒకరోజు శిక్షణ కూడా వచ్చింది. ముప్పై మందిని ఒక హాల్లో కూర్చోబెట్టి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చెప్పిన వాటిలో ఆమె ఇంటికి తెచ్చుకున్నది ఒక్కటే: రికార్డు బటన్. అది నొక్కి పని మొదలుపెడితే మనం చేసేదంతా కంప్యూటర్ చూస్తుంది, గుర్తు పెట్టుకుంటుంది, మర్నాటి నుంచి ఒక్క నొక్కుతో అదే పని చేసి పెడుతుంది. అలా గుర్తు పెట్టుకున్నదాన్ని మాక్రో అంటారు. ఇద్దరు పిల్లలకూ ఒక భర్తకూ ఎన్నిసార్లు చేసి చూపించినా రాని సుగుణం అది. చార్టమ్మకు కంప్యూటర్ మీద అభిమానం అక్కడ మొదలైంది.

కొన్నాళ్ళకు అది గుర్తు పెట్టుకున్నది ఏ భాషలో రాసుకుంటుందో తెరిచి చూసింది. ఒక మాట మార్చి ఏం జరుగుతుందో చూసింది. జరగకూడనివి జరిగాయి. ఇంకో మాట మార్చింది. చేతులు కాలుతూ, ఆకులు పట్టుకుంటూ, ఏళ్ళ తరబడి ఇరవై మూడు మాక్రోలు రాసింది. ఒక్కో దానికి ఒక్కో రంగు బటన్ పెట్టింది. వాటి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు మాటలు.

అందులో ఆరు మామూలు పనికి సంబంధించినవి: వరస పెట్టడం, ప్రింటు తీయడం లాంటివి. మిగతా పదిహేడూ నిబంధనల పుస్తకంలో లేనివి. "మోకాలు" అనేది ఒక డ్రైవరుకు ఘాట్ రోడ్డు పడకుండా చూస్తుంది. ఒకరోజు అతను మెట్లు పక్కవాటుగా దిగడం చార్టమ్మ కిటికీలోంచి చూసింది. "బావమరుదులు" అనేది ఒక డ్రైవరునూ ఒక కండక్టరునూ ఒకే బస్సు ఎక్కకుండా ఆపుతుంది. ఒక గోడ విషయంలో నాలుగేళ్ళుగా వాళ్ళకు మాటల్లేవు. "ఆస్పత్రి" అనేది ఇంకో డ్రైవరుకు సోమ, గురువారాల్లో పొద్దుటి డ్యూటీ రాకుండా చూస్తుంది. ఆ రెండు రోజుల్లో వాళ్ళావిడకు డయాలసిస్. ఈ పదిహేడూ రాయమని ఆమెను ఎవరూ అడగలేదు. రాసినట్టు ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఒక మంగళవారం కొత్త కంప్యూటర్ రెండు అట్టపెట్టెల్లో దిగింది. పాతదాన్ని మూడుసార్లు నొక్కితే గానీ లేవడం లేదు, లేచినా పది నిమిషాలు దగ్గుతోంది. ఆ రోజు చార్టు పాతదాని మీదే వేసి, అతికించి, చార్టు ఫైలును పెన్‌డ్రైవులోకి ఎక్కించి, కొత్తదాంట్లో దించింది. షీటు తెరుచుకుంది. బటన్లన్నీ ఎక్కడివక్కడ, రంగు చెడకుండా వచ్చాయి. చార్టమ్మ మొదటి బటన్ నొక్కింది. ఈ పేరుగల మాక్రో దొరకలేదని తెర మీద పడింది. రెండోది నొక్కింది. అదే మాట. ఇరవై మూడు బటన్లూ నొక్కింది. ఇరవై మూడుసార్లూ అదే జవాబు, అదీ మర్యాదగానే.

పాతదాని దగ్గరకు వెళ్ళింది. ఈలోపు స్టోర్స్ గుమాస్తా చొరవ తీసుకుని దాన్ని బల్ల మీంచి దించి కింద పెట్టాడు. మూడుసార్లు నొక్కింది. లేవలేదు. పంతొమ్మిదిసార్లు నొక్కింది.

"నేనేం చెయ్యలేదండీ, మెల్లగానే దించాను" అన్నాడు గుమాస్తా.

"నేనేమైనా అన్నానా?" అంది చార్టమ్మ.

హెడ్డాఫీసులో కంప్యూటర్లు చూసే ఆవిడకు ఫోన్ చేసింది. సిస్టమ్స్ మేడమ్ అంటారు ఆవిడను. నలభై ఏళ్ళుంటాయి, స్క్రూడ్రైవర్ లేకుండా గడప దాటదు, అనవసరంగా ఒక మాట మాట్లాడదు.

"అవి ఫైల్లో ఉండవండీ" అంది ఆవిడ. "మొదటిసారి రికార్డు చేసినప్పుడు ఎక్కడ దాచమంటారని అడిగుంటుంది. మీరేం చెప్పారు?"

"ఎప్పటి మాటో! అది అడిగినట్టే గుర్తులేదు."

"అన్నిటికీ పనికొచ్చేలా దాచమని ఉంటారు. అప్పుడు ఆ కంప్యూటర్లోనే వేరే పుస్తకంలో, కంటికి కనపడకుండా దాస్తుంది. మీరు తెచ్చుకున్నవి ఉత్త బటన్లే. గురువారం మధ్యాహ్నం వస్తాను. నాకు పద్నాలుగు డిపోలు."

బుధవారం చార్టమ్మ బీరువా అడుగునుంచి నిబంధనల పుస్తకం తీసింది. దుమ్ము దులిపింది. పెన్సిలు చెక్కుకుని గురువారం చార్టు చేత్తో వేయడం మొదలుపెట్టింది. తను మర్చిపోయినదేమీ లేదనే అనుకుంది. తీరా కూర్చుంటే ఎవరికి ఏ మినహాయింపో ఒక్కటీ సరిగ్గా గుర్తు రావడం లేదు. అవన్నీ గుర్తు పెట్టుకోవడం ఆమె ఏనాడో కంప్యూటర్‌కు అప్పజెప్పేసింది. పుస్తకంలో ఉన్నట్టు సీనియారిటీ ప్రకారం, వంతుల ప్రకారం వేసుకుంటూ పోయి నాలుగుకు పది నిమిషాలుండగా అతికించింది. అంత న్యాయమైన చార్టు ఆ డిపోలో ఎన్నడూ పడలేదు.

అతికించి వెనక్కి జరిగి చూస్తుంటే ఒక వరస దగ్గర ఆమె కళ్ళు ఆగిపోయాయి. అది వాళ్ళాయనది.

చార్టమ్మ భర్త ఆ డిపోలోనే డ్రైవరు. తోటివాళ్ళు ఆయన్ను గురువారం అని పిలుస్తారు. పదకొండేళ్ళుగా ఆయనకు ప్రతి గురువారం నైట్ హాల్టే పడుతోంది. మధ్యాహ్నం బస్సు తీసుకుని చివరి ఊరికి వెళ్ళి, అక్కడి రెస్టురూములో పడుకుని, శుక్రవారం మధ్యాహ్నానికి తిరిగొస్తాడు. యూనియన్ వాళ్ళు రెండుసార్లు అడిగి చూశారు. కంప్యూటర్ వేస్తోందని చెప్పింది చార్టమ్మ. అది నిజమే. కంప్యూటర్‌కు అలా చెప్పింది మాత్రం తను. ఆ మాక్రో పేరు "ఆయన". వరసలో ఏడోది.

బుధవారం చేత్తో వేసిన చార్టులో ఆయనకు పొద్దుటి డ్యూటీ పడింది. గురువారం రెండింటికల్లా దిగిపోతాడు. చెరిపేద్దామంటే అప్పటికే కిటికీ దగ్గర జనం చేరారు.

గురువారం తెల్లారింది. బావమరుదులిద్దరూ ఒకే బస్సెక్కారు. తొంభై కిలోమీటర్ల దారి. బస్సు ఎక్కడ ఆపాలో డ్రైవరుకు కండక్టరే చెప్పాలి. ముందు సీట్లో కూర్చున్న ఒక పెద్దమనిషికి ఆ బాధ్యత పడింది. "ఆపమని చెప్పండి" అని కండక్టరు, "ఆపానని చెప్పండి" అని డ్రైవరు. ఆ వార్తలు అటూ ఇటూ మోస్తూ పెద్దమనిషి తను దిగాల్సిన చోటు దాటిపోయాడు. డిపో మేనేజరుకు వచ్చిన మొదటి ఫోను ఆయనదే. మధ్యాహ్నానికి అలాంటివి పద్నాలుగయ్యాయి.

ఆ ఫోన్లన్నీ ఒక ఎత్తు. ఆస్పత్రి డ్రైవరు ఒక్కడూ ఒక ఎత్తు. తెల్లవారుజామున ఐదింటి డ్యూటీ అతనిది. మారు మాట్లాడకుండా ఎక్కాడు. వాళ్ళావిడను పక్కింటివాళ్ళతో ఆస్పత్రికి పంపాడు. డ్యూటీ దిగాక కిటికీ దగ్గరకు వచ్చి, చువ్వలు పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, నా వల్ల ఏమైనా తప్పు జరిగిందా?"

"నీ తప్పేముంది బాబూ? కంప్యూటర్ మారింది" అంది చార్టమ్మ.

"అంతేనా. ఏ ఫిర్యాదో పడిందేమో, అందుకే మార్చారేమో అనుకున్నాను."

అతను వెళ్ళిపోయాక ఆమె నిబంధనల పుస్తకాన్ని పక్కకు నెట్టేసింది. ఆ రోజు టీ తాగలేదు.

సిస్టమ్స్ మేడమ్ చెప్పినట్టే మధ్యాహ్నం వచ్చింది. పాత కంప్యూటర్ మూత విప్పి, లోపలి డిస్కును బయటికి తీసి, ఒక తీగతో కొత్తదానికి తగిలించింది. మరుగున ఉన్న ఫైళ్ళను కూడా చూపించమని ఆజ్ఞ ఇచ్చింది. ఫోల్డర్లో ఫోల్డర్, అందులో ఇంకో ఫోల్డర్ తెరుచుకుంటూ పోయి ఒకచోట ఆగింది.

"ఇదుగో మీ పుస్తకం."

ఇరవై మూడూ అందులో ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా బయటికి తీసి కొత్తదాంట్లోకి ఎక్కించాలి. ప్రింటు తీసే మాక్రోలో పాత కంప్యూటర్ ప్రింటరుకు పెట్టుకున్న పేరుంది, కొత్తదానికి ఆ పేరు తెలియదు. ఇంకోటి కొత్తదాంట్లో లేని డ్రైవు కోసం వెతుక్కుంటోంది. అవి మార్చడం పది నిమిషాల పని. అసలు చిక్కు వేరే ఉంది. మాక్రోల్లోంచి వైరస్‌లు దూరుతున్నాయని హెడ్డాఫీసు కొత్తగా ఒక ఫారం పెట్టింది. మాక్రో పేరు, అది చేసే పని, ఎవరి అనుమతితో అని అందులో మూడు గడులు.

సిస్టమ్స్ మేడమ్ కోడు చదువుతూ నింపుతోంది. రెండు మూడు దాటాక తలెత్తింది.

"ఇది ఇతనికి ఎండ డ్యూటీ పడకుండా చూస్తోంది. ఎవరి అనుమతి?"

"ఎవరిదీ లేదు."

"ఇది?"

"దానికీ లేదు."

ఏడో దాని దగ్గర ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది. "ఆయన. ఎవరాయన?"

సిస్టమ్స్ మేడమ్ ఉద్యోగి నంబరు చూసింది, పక్క షీటులో పేరు చూసింది, చార్టమ్మ మెళ్ళో వేలాడుతున్న గుర్తింపు కార్డు మీద ఇంటిపేరు చూసింది. "ఓహో" అని ఊరుకుంది. ఆవిడ లెక్కలో అది సుదీర్ఘ ప్రసంగం.

సాయంత్రం చార్టమ్మ ఇంటికి వెళ్ళేసరికి భర్త వంటింట్లో ఉన్నాడు. డబ్బాలన్నీ దింపి ఎత్తు ప్రకారం పేర్చాడు. ఉప్పు ఏదో పంచదార ఏదో ఆయనకూ తెలియదు. ఆయన ఫోను మోగుతూనే ఉంది, మోగినప్పుడల్లా బాల్కనీలోకి వెళ్ళి గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"ఇన్నేళ్ళకు గురువారం ఇంట్లో ఉన్నారు. హాయిగా లేదూ?" అంది ఆమె.

"హాయిగానే ఉంది" అన్నాడాయన, తద్దినం పెట్టేవాడి ముఖంతో.

శుక్రవారం ఫారం డిపో మేనేజరు బల్ల మీదకు వెళ్ళింది. ఆయన వచ్చి ఎనిమిది నెలలైంది. ఈ ఎనిమిది నెలల్లో ఏ విషయం మీదా అవుననలేదు, కాదనలేదు. అందరూ ఆయన్ను చూద్దాం సారు అంటారు. కానీ గురువారం పద్నాలుగు ఫోన్లు ఎత్తిన మనిషి కాబట్టి ఈసారి పెన్ను తీశాడు. అనుమతించడమైనది, అనుమతించడమైనది అని సంతకాలు పెట్టుకుంటూ వెళ్ళి ఏడో వరస దగ్గర ఆగాడు.

"ఈయన మీ ఆయనే కదండీ?"

"అవునండి."

"ఆయనకు తెలుసా?"

"తెలీదండి."

మేనేజరు పెన్ను మూత పెట్టాడు. "ఇక్కడ నా అనుమతి చాలదు. ఆయన సంతకం తీసుకురండి. అప్పుడు చూద్దాం."

శనివారం సాయంత్రం భర్త హాల్లో ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. చార్టమ్మ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీ గురువారం హాల్టు సంగతి ఒకటి చెప్పాలి."

"చెప్పడానికేముంది? నా నుదుట అలా రాసిపెట్టుంది."

"నుదుట కాదు. కంప్యూటర్లో, ఏడో మాక్రోలో. నేనే రాశాను."

ఇస్త్రీపెట్టె జేబు మీద ఆగిపోయింది. చార్టమ్మ లేచి దాన్ని పక్కకు తీసి నిలబెట్టి మళ్ళీ కూర్చుంది.

"ఎందుకని?" అన్నాడాయన.

"మీ గురక."

"గురకా?"

"పెళ్ళైనప్పటి నుంచీ ఉంది. పదకొండేళ్ళ కిందట నిద్రలేక చార్టులో తప్పులు పోతుంటే, ఒక్క వారానికని రాశాను. ఆ రాత్రి ఒళ్ళెరక్కుండా నిద్రపోయాను. మర్నాడు తీసేద్దామనుకున్నాను. పనుల్లో పడి మర్చిపోయాను."

"పదకొండేళ్ళు మర్చిపోయావా?"

"అదీ..."

"ఏడాదికి యాభై రెండు. ఐదు వందల డెబ్బై రెండు రాత్రులు!"

"మధ్యలో మీ సెలవులు తీసెయ్యాలి లెండి."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన చొక్కా మడిచి లోపలికి వెళ్ళిపోయాడు. ఆదివారమంతా మాట్లాడలేదు. అన్నం రెండోసారి అడగలేదు. నిజంగానే మనసు కష్టపెట్టుకున్నాడని చార్టమ్మకు అర్థమైంది. అలిగితే ఆయన తలుపులు గట్టిగా వేస్తాడు. ఆ రోజు ఏ తలుపూ చప్పుడు చేయలేదు. తను పదిహేడు మాక్రోలతో మనుషుల బతుకుల్లో చెప్పకుండా వేలు పెట్టింది. పదహారింటితో మేలు చేశానన్న ధీమాలో పదిహేడోదాని సంగతి కప్పెట్టేసింది. ఈ లెక్క ఆమెకు ఆదివారం గిన్నెలు తోముతున్నప్పుడు తేలింది.

సోమవారం పొద్దున బూట్లు తొడుక్కుంటూ ఆయనే నోరు విప్పాడు.

"ఆ ఊళ్ళో హైస్కూలు వెనక గ్రౌండుంది. సాయంత్రం వాలీబాల్ ఆడతారు. రిఫరీని నేనే."

"మీకు వాలీబాల్ వచ్చా?"

"ఆడటం రాదు. ఈల ఊదటం వచ్చు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"తొమ్మిదేళ్ళు. మొన్న నేను వెళ్ళలేదని ఎవరికి వాళ్ళే పాయింట్లు వేసుకుని కొట్టుకున్నారట. అందుకే అన్ని ఫోన్లు."

"మరి ప్రతి శుక్రవారం వచ్చీ రాగానే నడుం పట్టేసింది, నల్లులు పీకేశాయి అనేవారు! మీకోసం పొద్దున్నే లేచి రెండు కూరలు ఎక్కువ చేసేదాన్ని!"

"నల్లులు మొదటి రెండేళ్ళూ నిజమే" అన్నాడాయన లేసు బిగిస్తూ. తర్వాత తల ఎత్తాడు. "వాలీబాల్ సంగతి వేరు, నువ్వు చేసింది వేరు. అడిగితే వద్దనేవాణ్ణా? గురకని చెబితే ఏమయ్యేది?"

"మీరు నొచ్చుకుంటారని."

"ఇప్పుడు నొచ్చుకోలేదా?"

ఆయన ఫారం అడిగి తీసుకున్నాడు. మూడో గడిలో లాగ్‌షీటు రాసినట్టు పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు: నెలలో చివరి గురువారం ఇంటి దగ్గర ఉంటాను. మిగతా గురువారాలు సమ్మతమే. ఇకమీదట నన్ను అడగకుండా మార్చరాదు. కింద సంతకం, తేదీ, ఉద్యోగి నంబరు.

ఆ చివరి వాక్యం చార్టమ్మను వదల్లేదు. అందరినీ అడిగేదాకా చేత్తోనే చార్టు వేసుకుంటూ, మిగిలిన పదహారు మాక్రోలను కొత్తదాంట్లో ఎక్కించడం ఆపేసింది. ముందు ఆస్పత్రి డ్రైవరును పిలిచి జరిగిందంతా చెప్పింది, క్షమించమంది. అతను "ఉంచండమ్మా. కాకపోతే డయాలసిస్‌ను గురువారం నుంచి శుక్రవారానికి మార్చబోతున్నారట" అన్నాడు. తర్వాత మోకాలు డ్రైవరును పిలిచింది.

"నా మోకాలు మూడేళ్ళ కిందటే బాగైపోయిందమ్మా" అన్నాడతను ఆశ్చర్యంగా. "ఘాట్ రోడ్డంటే నాకు ప్రాణం. చల్లగా ఉంటుంది. ఎందుకు పడట్లేదా అనుకున్నాను. మొన్న గురువారం పడితే పాటలు పాడుకుంటూ వెళ్ళాను."

ఆ మాక్రో తీసేసింది. ఎండ పడని కండక్టరును పిలవబోతే అతను పోయి రెండేళ్ళైందని గుర్తొచ్చింది. అతన్ని ఎండలోకి పంపకుండా ఆ మాక్రో రెండేళ్ళుగా రోజూ వెతుక్కుంటూనే ఉంది. దాన్ని తీసేయడానికి ఆమెకు అరగంట పట్టింది, పని మాత్రం ఒక్క నొక్కే. బావమరుదులు విడివిడిగా, పిలవకుండానే వచ్చి, మళ్ళీ అలా జరిగితే ఉద్యోగం మానేస్తామన్నారు. నాలుగేళ్ళలో వాళ్ళిద్దరూ ఒక్క మాట మీద నిలబడింది అప్పుడే. పదిహేడులో చివరకు పదకొండు మిగిలాయి. ప్రతిదానికీ మూడో గడిలో ఆ మనిషి సంతకమే ఉంది.

బుధవారానికల్లా బటన్లు పలికాయి. చార్టు పది నిమిషాల్లో వచ్చింది. నాలుగింటికి అతికించి, ఈసారి చార్టమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుని టీ తాగింది. గొణుగుళ్ళు మామూలుగానే వినిపించాయి.

మూడు నెలల తర్వాత పక్క డిపో నుంచి కబురొచ్చింది. వాళ్ళ చార్టు గుమాస్తా రోజంతా పెన్సిలుతో అవస్థ పడుతోందట, ఆ మాక్రోలు తమకూ ఇవ్వమన్నారు. చార్టమ్మ పెన్‌డ్రైవు సంచిలో వేసుకుని బస్సెక్కి వెళ్ళింది. మామూలు పని చేసే ఆరూ అరగంటలో ఎక్కించేసింది. గుమాస్తా చేతులు జోడించింది.

"మిగతా పదకొండు కూడా ఎక్కించండి మేడమ్."

"అవి మా మనుషులవి. మీ దగ్గర పనికిరావు" అంది చార్టమ్మ. సంచిలోంచి ఒక తెల్లకాగితాల పుస్తకం తీసి, మొదటి పేజీలో మూడు గడులు గీసింది. "మీవి మనం రాసుకుందాం. ముందు ఇది చెప్పండి, మీ దగ్గర ఎవరికి ఎవరితో పడదు?"

గుమాస్తా లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి, కుర్చీ ముందుకు జరుపుకుంది.